డాక్టరుగారికి నేను రాసిన సన్మానపత్రం

డాక్టరుగారు పోయారని వాళ్లమ్మాయి సోమవారం మెసేజ్ పెట్టింది. చదివి, ఫోన్ బోర్లా పెట్టేసి, పప్పులో పోపు వేశాను. ఉప్పు రెండుసార్లు వేశానని తినేటప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. బట్టలు మడత పెడుతూ మధ్యలో లేచి అంట్లు తోముతున్నాను, అంట్లు సగంలో వదిలేసి ఫోన్ తీసి మళ్లీ ఆ మెసేజే చదువుతున్నాను. "ఏమైంది నీకు? కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి?" అన్నాడు మా ఆయన. ఏమీ లేదన్నాను.

ఆవిడ పోయినందుకు కాదు ఈ తిరుగుడు. డెబ్బై తొమ్మిదేళ్లు దాటిన మనిషి, మూడేళ్లుగా ఎవరినీ గుర్తుపట్టని మనిషి, పోతారని అందరికీ తెలుసు. ఆ మెసేజ్‌లో చివరి వాక్యం ఒకటుంది. "తనకి ఏమవుతోందో అమ్మకి ఏనాడూ తెలియలేదు, మాకు అదొక్కటే ఓదార్పు" అని. అది చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. తెలియలేదా? ఆవిడకా? ఎవరికైనా చెబుదామంటే, చెప్పనని ఆవిడకి మాటిచ్చి ఉన్నాను. అదీ నా బాధ.

ఆరేళ్ల కిందటి సంగతి ఇది. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో అద్దె అపార్ట్‌మెంట్, మా ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు హెచ్-4 వీసా. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. నాలుగు గోడల మధ్య పిచ్చెక్కిపోతోందని దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీకి వెళితే, నాకు కుదిరే టైములో ఒక్క క్లాసులోనే సీటుంది. అడల్ట్ డెవలప్‌మెంట్ అండ్ ఏజింగ్. పెద్దయ్యాక మనిషి ఎలా మారతాడు, ఎలా ముసలివాడవుతాడు అన్న చదువు.

"ముసలితనం గురించి కాలేజీకెళ్లి చదవాలా? మా అమ్మని ఆర్నెల్లు పిలిపిస్తాను, ప్రాక్టికల్స్‌తో సహా ఇంట్లోనే అయిపోతుంది," అన్నాడు మా ఆయన. ఆ మాటకి ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి రోజు క్లాసులో అందరూ కూర్చున్నాక కూడా వెనక గోడ దగ్గర ఒక పెద్దావిడ నిలబడే ఉన్నారు. ట్రాక్ ప్యాంటు, పైన కాటన్ కుర్తా, దాని మీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకి తెల్ల బూట్లు, నుదుట కాసంత బొట్టు. అరవై దాటిన వాళ్లు ఆ కాలేజీలో ఊరికే వచ్చి పాఠం వినొచ్చు, పరీక్షలు ఉండవు. ప్రొఫెసర్ నలభై ఏళ్ల అమెరికన్ ఆవిడ, బాగా నెమ్మదస్తురాలు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోమని అడిగింది. "జీవితమంతా నిలబడే పని చేశాను, మీరు కానివ్వండి," అన్నారు ఈవిడ. క్వార్టర్ అనే ఆ మూడు నెలల చదువు పొడుగునా అలా నిలబడే విన్నారు. నిలబడటమంటే ఒక్కచోట కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి తెర సరిచేసేవారు, దారిలో ఎవరి బ్యాగు అడ్డమున్నా కాలితో జరిపేవారు, కాఫీ తెచ్చుకుని సగం తాగి కప్పు ఎక్కడో పెట్టి మరిచిపోయేవారు. పాఠం అయిపోయేసరికి గదిలో మూడు చోట్ల ఆవిడ కప్పులు కనిపించేవి.

బ్రేక్‌లో నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కకొచ్చి నిలబడి, ఏ మొహమాటమూ లేకుండా మొత్తం విన్నారు. ఫోన్ పెట్టేయగానే అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలి దగ్గరండీ."

"దగ్గరంటే? తెనాలి దగ్గర బోలెడు ఊళ్లున్నాయి. మీ ఊరికి పేరు లేదా?"

పేరు చెప్పాను. చేయి చాపారు. షేక్‌హ్యాండ్ కాబోలనుకుని ఇస్తే, మణికట్టు పట్టుకుని వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. "పొద్దున టిఫిన్ తినలేదు కదూ నువ్వు?" అన్నారు. నిజంగానే తినలేదు. ఎవరిని కలిసినా ఆవిడ పలకరింపు అదే. ప్రొఫెసర్ నాడి కూడా చూశారని తర్వాత తెలిసింది.

కాన్పుల డాక్టరుగా చేసి రిటైరయ్యారట. ఈ క్లాసుకెందుకు వచ్చారని అడిగితే, "నా చేతుల మీద ఎంతమంది పుట్టారో నాకే తెలీదు. బొడ్డు కోసి ఇచ్చేయడం వరకే నా పని. ఆ తర్వాత వాళ్లంతా ఏమవుతారో ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ చెప్తారేమోనని వచ్చా," అన్నారు. ఆంటీ అని పిలవబోతే కసిరారు. "ఆంటీ ఏమిటి, ఆంటీ! నేను నీ క్లాస్‌మేట్‌ని. డాక్టరుగారూ అను, చెవికి అలవాటైన పిలుపు."

క్లాసులో ఆవిడతో ప్రొఫెసర్ పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకరోజు తెర మీద సక్సెస్‌ఫుల్ ఏజింగ్ అని వేసి, ఆరోగ్యంగా, చలాకీగా, నలుగురిలో కలిసి బతికే వృద్ధాప్యం గురించి చెబుతోంది. వెనక నుంచి డాక్టరుగారు ఇంగ్లీషులో, "మరి మంచం పట్టినవాడు ఫెయిలైనట్టా?" అని అడిగారు. ప్రొఫెసర్ ఏదో సర్దిచెప్పింది. డాక్టరుగారు నా వైపు వంగి తెలుగులో అన్నారు. "చూశావా, చావబోయే ముందు కూడా పాసూ ఫెయిలూ పెట్టారు వీళ్లు!" నాకు నవ్వాగలేదు. క్లాసంతా తిరిగి చూసింది.

ఆ వేళాకోళం వెనకున్న ఆవిడ అసలు భయం నాకు కొన్నాళ్ల దాకా తెలియలేదు. భర్త పోయి నాలుగేళ్లయింది, ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. కూతురు కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్లో ఉంటుంది. సంక్రాంతి సెలవులు లేని దేశం కనుక క్రిస్మస్‌కి వచ్చిన కూతురు వంటింట్లో మాడిన గిన్నెలు రెండు చూసింది. చూసి, "అమ్మా, జూన్‌లో మళ్లీ వస్తాను. అప్పటికి నువ్వు ఒంటరిగా ఉండగలవని నాకు నమ్మకం కుదిరితే సరే. లేకపోతే ఈ ఇల్లు అమ్మేసి నాతో వచ్చేయాలి," అని చెప్పి వెళ్లింది.

"నా ఇంట్లో నేను ఉండటానికి నాకు పరీక్ష పెట్టింది చూడు అది," అన్నారు డాక్టరుగారు. "దాని బొడ్డు కోసింది కూడా నా ఫ్రెండే. నేనే దగ్గరుండి ఎలా కోయాలో చెప్పా."

సరిగ్గా అప్పుడే క్లాసులో పెద్ద అసైన్‌మెంట్ ఇచ్చారు. అరవై ఐదు దాటిన మనిషిని ఒకరిని ఎంచుకుని, మూడుసార్లు వాళ్లింటికి వెళ్లి, మాట్లాడి, చూసినదంతా రాయాలి. రాసింది ముందు ఆ మనిషికే చూపించి, తర్వాత ప్రొఫెసర్‌కి ఇవ్వాలి. క్లాసు అయిపోగానే డాక్టరుగారు నా బ్యాగు పట్టుకుని ఆపేశారు.

"నన్ను రాయి. కాలేజీ వాళ్లు మార్కులేసిన కాగితమంటే మా అమ్మాయి నమ్ముతుంది. నా మాట నమ్మదు గానీ కాగితం నమ్ముతుంది."

సరేనన్నాను. ఇంత చిన్న పనికి ఆలోచించేదేముందనుకున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు రెండు గంటల్లో ఆవిడ ఒక్క నిమిషం కూర్చోలేదు. ప్రశ్న అడిగితే జవాబు హాల్లో మొదలై వంటింట్లో సాగి పెరట్లో పూర్తయ్యేది. నేను నోట్‌బుక్ పట్టుకుని వెనకాల పరుగు. మంచు తుఫానులో కారులోనే కాన్పు చేసిన సంగతి చెప్పారు. అద్భుతంగా చెప్పారు. అరగంట తర్వాత మళ్లీ అదే చెప్పారు. వెళ్లబోయేటప్పుడు గుమ్మంలో, "అన్నట్టు, మంచు తుఫాను సంగతి నీకు చెప్పలేదు కదూ?" అన్నారు.

రెండోసారి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది, లోపల్నుంచి మాడు వాసన. పాలగిన్నె స్టవ్ మీద నల్లబడి ఉంది, ఆవిడ పెరట్లో గులాబీలు కత్తిరిస్తున్నారు. నేను స్టవ్ కట్టేసి పిలిస్తే వచ్చి గిన్నె చూసి, "ఎవరు పెట్టారిది?" అని నన్నే అడిగారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

మూడోసారి నన్ను తన కారులో దింపుతానన్నారు. వద్దంటే వినరు. మా అపార్ట్‌మెంట్‌కి రెండు మలుపులు. ఒకే గ్యాస్ స్టేషన్ ముందు నుంచి మూడుసార్లు వెళ్లాం. మూడోసారికి కారు పక్కకి ఆపి, స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు చెప్పు, ఎడమా కుడా? నిన్ను టెస్ట్ చేస్తున్నా," అన్నారు. కుడి అన్నాను. "వెరీ గుడ్," అన్నారు.

ఇక రాయాలి. ఎలా రాయను? కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు రావు. తెనాలికి ఫోన్ చేసి అమ్మకి చెప్పుకున్నాను. "అన్నం పెట్టిన మనిషి గురించి, తల్లి వయసావిడ గురించి, పాలు మాడ్చిందీ దారి తప్పిందీ అని కాగితం మీద పెడతావటే? నీకు చేతులెలా వస్తాయే?" అని తిట్టింది. ఫోన్ నాన్నకిచ్చింది.

మా నాన్న తెలుగు మాస్టారు. మా చుట్టుపక్కల ఎవరు రిటైరైనా సన్మానపత్రం ఆయనే రాయాలి, ఆయనే సభలో చదవాలి. ఆయన పత్రాల్లో ప్రతివాడూ సౌమ్యుడే, నిగర్వే, అజాతశత్రువే. పిల్లల్ని బెత్తం విరిగేలా బాదిన హెడ్మాస్టరుకి కూడా 'విద్యార్థి వత్సలులు' అని రాశారు. అదేమిటి నాన్నా అని ఒకసారి అడిగితే, "శాలువా కప్పేది మనిషికమ్మా, మరకలకి కాదు," అన్నారు. ఆ రోజు ఫోన్లో కూడా, "మంచే రాయి. పెద్దవాళ్లకి మనం ఇచ్చుకునేది అంతకన్నా ఏముంది?" అన్నారు.

కూర్చుని ఒక్క ఊపులో రాసేశాను. రాసింది ఇంగ్లీషులోనే, నడక మాత్రం మా నాన్నది. ఆవిడ జ్ఞాపకశక్తి చూసి ఆశ్చర్యపోయానన్నాను. ఇల్లు తానొక్కరే చక్కదిద్దుకుంటారన్నాను. స్వయంగా కారు నడుపుతూ తోటి విద్యార్థిని ఇంటి దగ్గర దింపేంత ఓపిక ఉందన్నాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది? దింపారు కదా! ప్రింట్ తీసి ఆవిడ చేతిలో పెట్టినప్పుడు పుణ్యం చేసినట్టే అనిపించింది.

రెండు రోజుల తర్వాత క్లాసుకి గంట ముందే రమ్మని ఫోన్ చేశారు. వెళ్లేసరికి ఖాళీ గదిలో, మొదటి వరసలో, కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ కూర్చోగా చూడటం నాకదే మొదలు. నా కాగితాలు ఎదురుగా ఉన్నాయి.

"శాలువా ఏదీ?" అన్నారు.

నాకర్థం కాలేదు.

"ఇంత సన్మానపత్రం రాశావు, శాలువా తేవద్దూ? పాలగిన్నె ఏమైంది? ఆ గ్యాస్ స్టేషన్ ఏమైంది?"

"మీరు ఆ ఇంట్లోనే ఉండాలని... మీ అమ్మాయి చూస్తుందన్నారు కదండీ..."

"నా కోసం రాశావా, నువ్వు మంచిదానివనిపించుకోవడానికి రాశావా?" గొంతు పెరిగింది. "నలభై ఏళ్లు వార్డు నడిపాను. కేస్‌షీట్‌లో బీపీ తప్పు రాసిన నర్సుని మర్నాడు రానివ్వలేదు. ఎందుకో తెలుసా? ఆ కాగితం చూసే కదా తర్వాతవాడు మందిచ్చేది!"

ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ కాగితాలు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటూ, కొంచెం మెత్తగా, "రెండు రోజులు ఇది తలగడ కింద పెట్టుకుని పడుకున్నాలే. చదువుతుంటే హాయిగానే ఉంది. నిజమేమో అనుకున్నా కూడా," అన్నారు. "నోట్‌బుక్ తియ్యి. నేను చెప్తా, రాసుకో."

చెప్పారు. కేసు చెప్పినట్టే చెప్పారు, తన గురించి కాదన్నట్టు. పాలగిన్నె, గ్యాస్ స్టేషన్ నాకు తెలిసినవి. నాకు తెలియనివి ఇంకా ఉన్నాయి. బీపీ మాత్ర వేసుకున్న సంగతి మరిచి రెండోది వేసుకుని స్నానాలగదిలో కళ్లు తిరిగి పడ్డారు. ఇదే కాలేజీ పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టారో తెలియక సాయంత్రం దాకా తిరిగారు. "పోయిన గురువారం భోజనానికి రెండు కంచాలు పెట్టా. ఆయన్ని పిలిచా కూడా. పిలిచాక గుర్తొచ్చింది." నా పెన్ను ఆగిపోయింది. "ఆపకు. తేదీ వేసి రాయి," అన్నారు.

అంతా అయ్యాక నా మణికట్టు కాదు, అరచెయ్యి పట్టుకున్నారు. "నేను చెప్పానని మా అమ్మాయికి చెప్పకు. నువ్వే చూసి కనిపెట్టావనుకోనీ. నేనే ఒప్పుకున్నానని తెలిస్తే, రేపట్నుంచి అది చెప్పే ప్రతిదానికీ ఒప్పుకోవాలి. నావల్ల కాదు. దానితో కాస్త పోట్లాడుకోనీ నన్ను. ఏం, మాటిస్తావా?"

ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? ఆవిడ చెప్పినదంతా నేనే కనిపెట్టినట్టు తిరగరాసి, ప్రొఫెసర్ మార్కులేశాక ఆ రిపోర్టు ఆవిడ చేతికే ఇచ్చాను.

జూన్‌లో కూతురు వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్ద, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. రిపోర్టు చదివి నాకు ఫోన్ చేసింది. "అమ్మ నాకి ఏమీ చెప్పలేదు. మీరు చూసి రాసారు, థ్యాంక్యూ సో మచ్," అంది. వెనకాల డాక్టరుగారి కేకలు వినిపిస్తున్నాయి. "ఆ పిల్లకేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా మెదడు గురించి చెప్తుందా? ఈ ఇల్లు కదిలేది లేదు!" ఎంత బాగా పోట్లాడారో! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆకులు రాలేసరికి ఇల్లు అమ్ముడైపోయింది, ఆవిడ డబ్లిన్ వెళ్లిపోయారు.

మొదట్లో వారం వారం ఫోన్ చేసేవారు. "మా ఇంటి వైపు వెళ్లావా? గులాబీలు కత్తిరిస్తున్నారా ఆ వచ్చినవాళ్లు?" అనేవారు. ఆ ఇంట్లోవాళ్లు గులాబీలు పీకేసి గడ్డి వేశారు. బాగా పూస్తున్నాయండీ అని చెప్పేదాన్ని. ఈ ఒక్క విషయంలో మాత్రం మా నాన్న కూతుర్నే. తర్వాత ఫోన్లు నెలకొకటయ్యాయి, తర్వాత ఆగిపోయాయి.

రెండేళ్ల కిందట డబ్లిన్‌లో మా పిన్ని కొడుకు గృహప్రవేశానికి వెళ్లినప్పుడు ఆవిడని చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. అదే స్వెట్టరు. సోఫా చుట్టూ, డైనింగ్ టేబుల్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు గానీ తెలుగు వినగానే మొహం విప్పారింది. నా పక్కకొచ్చి, కూతురు వింటుందేమోనని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పారు.

"మాకు బాతెల్‌లో ఇల్లుండేదమ్మా. ఒకమ్మాయి... తెలుగమ్మాయే... ఇంట్లోకి రానిచ్చా, కాఫీ ఇచ్చా. నా మీద ఏవేవో కాగితం రాసి మా అమ్మాయికిచ్చింది. ఇల్లు పోయింది. అంత దుర్మార్గురాలు ఉంటుందా, చెప్పు?"

మీరే చెప్పారండీ, నేను రాసుకున్నానంతే, అని నోటి చివరిదాకా వచ్చింది. ఎవరికి చెప్పను? చెప్పిన మనిషి ఆ గదిలో లేదు.

"ఉండకూడదండీ. చాలా తప్పు చేసింది," అన్నాను.

"కదూ!" అని సంతోషంగా మళ్లీ నడవడం మొదలుపెట్టారు.

కూతురు నన్ను కారు దాకా సాగనంపింది. ఆ మాటలు విన్నట్టుంది, మొహం కందిపోయి ఉంది. "సారీ అండీ. మిమ్మల్ని అలా అనకూడదు. ఎవ్రీ డే అడుగుతుంది, నా ఇల్లు ఎవరు తీసుకున్నారు అని. నేనే తీసుకున్నా అమ్మా అని చెప్తా," అంది. అప్పుడైనా చెప్పాల్సింది. మాటిచ్చాను కదా అని పళ్ల బిగువున ఊరుకున్నాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు ఆవిడ పోయారు. నాలుగు రోజుల నుంచి ఆ మెసేజ్‌కి జవాబు రాయబోతున్నాను. గొప్ప మనిషి, చల్లని తల్లి, ఆత్మకి శాంతి కలుగుగాక. రాయడం, చెరిపేయడం. ఏనాడూ తెలియలేదన్నది ఆ కూతురికి మిగిలిన ఓదార్పు. దాన్ని లాగేయడానికి నేనెవర్ని? మరోపక్క, తన జబ్బు తానే పట్టి, తేదీ వేసి చెప్పి రాయించిన డాక్టరు, ఏమీ తెలియని ముసలమ్మగా మిగిలిపోవాలా? ఆ మాట ఇచ్చింది ఆవిడ పోట్లాడుకోవడానికి. పోట్లాట ఎప్పుడో అయిపోయింది.

ఈ మధ్యాహ్నం రాయడం మానేసి ఫోన్ చేశాను. పరామర్శలన్నీ అయ్యాక, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఖాళీ క్లాసురూము, రెండు మాత్రలు, పార్కింగ్ లాట్, రెండు కంచాలు. రిపోర్టు నా చేతి రాత, ప్రతి మాటా మీ అమ్మగారిదే, మీకంటే నాకంటే ముందు ఆవిడకే తెలుసు, నా చేత రాయించి మీకు అందేలా చేసింది ఆవిడే అన్నాను.

ఫోన్ కట్ అయిందేమోనని హలో హలో అన్నాను. అప్పుడు, యాభై ఏళ్ల ఆ మనిషి చిన్నపిల్ల గొంతుతో అడిగింది.

"అయితే, అమ్మ ఇల్లు నేను లాక్కోలేదా?"

"లేదు. ఆవిడే ఇచ్చారు."